సూరి భగవంతం

పెద్దలు టాటా సంస్థ యని వ్యవహరించు బెంగుళూరి భారతీయ విజ్ఞాన సంస్థకు 1957 నుండి 1962 వరకు తెలుగువారొకరు అధిపతిగా నుండిరి. మన బళ్లారి విద్యార్థులు ఎరుగవలసిన ఆ భౌతికశాస్త్రజ్ఞులే సూరి భగవంతంగారు. వారు 1909 అక్టోబరు 14వ తేదీన కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి సి. వి. రామన్‌గారి శిష్యులైరి.

1931లో ఆ గురుశిష్యులు చేపట్టిన ప్రశ్న సామాన్యమైనది కాదు. కాంతికణమగు ఫోటానునకు స్పిన్, అనగా స్వీయభ్రమణము, కలదా? బొంగరముతో పోల్చుదురు గాని అది పోలిక మాత్రమే. కంటికి కానరాని దానిని కొలుచుటెట్లు?

కాంతి కంపనములన్నియు ఒకే తలమున నుండుటను ధ్రువణమందురు. కాంతి పదార్థమున చెదరినపుడు ఈ ధ్రువణము కొంత చెడును. వారు ఏకవర్ణకాంతిని ప్రసరింపజేసి, చెదరిన కాంతిని సన్నని చీలికగల వర్ణపటదర్శినితో పరీక్షించిరి. రంగు మారక చెదరిన కాంతిలో ఆ చెడుట పాత సిద్ధాంతము చెప్పినదానికంటె మిక్కిలి తక్కువగా నుండెను. ఫోటానునకు ఒక ప్రమాణము స్పిన్ కలదన్నచో లెక్క కుదిరెను. అప్పటికి భగవంతంగారి వయస్సు సుమారు 22 ఏండ్లు!

నేడు ప్రోటానుల స్పిన్‌ను సైతము, అవి లక్ష్యమును తాకి ఎడమకెన్ని, కుడికెన్ని చెదరెనో లెక్కించి పరిశీలించుచున్నారు.

1932లో వారు వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరిరి. పిదప ఉస్మానియా ఉపాధ్యక్షత, రక్షణమంత్రికి శాస్త్రసలహాదారు పదవి లభించినవి. మాకు మాత్రము ఆ సన్నని చీలికయే వీనికన్న ఘనముగా తోచుచున్నది. వారు 1989 ఫిబ్రవరి 6వ తేదీన దివంగతులైరి.