ఘంటసాల గారి భగవద్గీత: ఆ గొంతు వెనక ఉన్న మ్యూజిక్ ప్రొడ్యూసర్



మా కాజీపేటలోనే కాదు, ఏ తెలుగు ఊళ్లో అయినా మైకులో ఘంటసాల గారి భగవద్గీత వినిపించిందంటే, ఎవరో పోయారనే అనుకుంటారు. వైకుంఠ రథం మీద, చావు ఇంటి ముందు పెట్టి పెట్టి మన జనరేషన్‌కి అది చావు రికార్డు అయిపోయింది. పొద్దున్నే ఇంట్లో పెడితే పెద్దవాళ్లే ఆపెయ్యమంటారు. నిజానికి కృష్ణుడు గీత చెప్పింది పోయినవాళ్లకి కాదు. ముందు చెయ్యాల్సిన పని ఉండి, చెయ్యలేక కూలబడిపోయిన అర్జునుడికి. అంటే మనలాంటోళ్లకే! ఆ రికార్డు చేసిన మనిషి కథ తెలిస్తే దాన్ని ఎందుకు చేశారో కూడా అర్థమవుతుంది.

జోలె పట్టి నేర్చుకున్న సంగీతం

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు భజనల్లో తరంగాలు పాడేవారు, కొడుకుని భుజాన ఎత్తుకుని వెంట తీసుకెళ్లేవారు. ఆయన పోయేనాటికి ఘంటసాల ఇంకా పిల్లాడే. సంగీతం నేర్చుకోవాలన్న తండ్రి కోరిక మాత్రం మనసులో ఉండిపోయింది. చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం వెళ్లారు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు గురువుగా దొరికారు. తిండికి లేక జోలె పట్టి ఇంటింటా మధూకరం చేసుకుంటూ చదువు సాగించారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకి కూడా వెళ్లొచ్చారు.

తర్వాత మద్రాసు. సముద్రాల రాఘవాచార్య గారు దారి చూపించారు, రేడియోలో పాడే అవకాశం వచ్చింది. హెచ్‌ఎంవీ కంపెనీలో ఉన్న పేకేటి శివరాం గారు ఆ గొంతు విని రికార్డులు ఇప్పించారు. ఏ గొంతులో ఏముందో ముందే పసిగట్టడం రికార్డింగ్ ప్రపంచంలో ఎంత పెద్ద పనో చూడండి.

ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు

తెలుగులో నిర్మాత అనగానే డబ్బు గుర్తొస్తుంది. మ్యూజిక్ ప్రొడ్యూసర్ పని వేరు. ట్యూన్ ఒకరిది, మాట ఒకరిది, గొంతు ఇంకొకరిది, వాయించేది పదిమంది. వీటన్నిటిలోంచి ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఏ టేకు ఓకే అని తేల్చేవాడే ప్రొడ్యూసర్. అప్పట్లో ఈ పేరు మనవాళ్లు వాడేవారు కాదు. సంగీత దర్శకుడే ఈ పనంతా చూసుకునేవారన్నమాట.

1957లో వచ్చిన మాయాబజార్ దీనికి మంచి ఉదాహరణ. అందులో నాలుగు పాటలకి ట్యూన్లు కట్టింది సాలూరి రాజేశ్వరరావు గారు. మధ్యలో ఆయన తప్పుకున్నారు. మిగతా భారం ఘంటసాల గారి మీద పడింది. మన ఆఫీసుల్లో అయితే పాత టీమ్ రాసిన కోడ్ చేతికి రాగానే మొదట దాన్ని పీకి పారేయాలనిపిస్తుంది కదా! ఆయన ఆ నాలుగు ట్యూన్లూ అలాగే ఉంచారు. వాటికి వాద్యాలు అమర్చి రికార్డ్ చేశారు, మిగతా పాటలు తను కట్టారు. ఇవాళ వింటే అతుకు ఎక్కడుందో కనిపించదు. అలాగని పనిలో మెత్తదనం ఏమీ లేదు. అదే సినిమాలో ఒక పాటకి పి.లీల గారి చేత 28 టేకులు పాడించారు. ఇప్పటిలా ఒక్క ముక్క విడిగా పాడించి అతికించే సౌకర్యం అప్పుడు లేదు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఇంకొకరి స్టూడియోలో ఉంటే మాత్రం ఆయన గాయకుడే. 1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం సినిమాకి సంగీతం పెండ్యాల గారిది. అందులో ఘంటసాల గారు స్వామి ముందు కూర్చుని తెర మీద కూడా కనిపిస్తూ పాడారు. ఎప్పుడు నడిపించాలో, ఎప్పుడు ఒదిగి ఉండాలో తెలిసిన మనిషి.

చివరి పెద్ద పని

1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికా కచేరీలు అయ్యాయి. అప్పటికే షుగర్ ఉంది. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగానే గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. అలాంటి ఒంటితో పూర్తి చేసిన రికార్డే భగవద్గీత.

ఇక్కడ గొంతూ ఆయనదే, సంగీతమూ ఆయనదే. పక్కన తోడుగా ఉన్నది పట్రాయని సంగీతరావు గారు. ఎవరనుకున్నారు? విజయనగరంలో చదువు చెప్పిన గురువుగారి అబ్బాయే! ఏళ్ల తరబడి ఘంటసాల గారికి సహాయకుడిగా పనిచేశారు.

ఆయన ముందున్న సమస్య చూడండి. గీతలో 700 శ్లోకాలు. ఎక్కువ భాగం ఒకే ఛందస్సు. అన్నీ ఒకే వరుసలో పాడితే పారాయణ అవుతుంది కానీ, సంస్కృతం రాని మామూలు మనిషి పది నిమిషాలకి మించి వినలేడు. అందుకని నూటికి పైగా శ్లోకాలు ఏరారు. భావం మారినచోట రాగం మార్చారు. శ్లోకం పాడి, వెంటనే దాని అర్థం మామూలు తెలుగులో మాటగా చెప్పారు. వాద్యాలు ఎక్కడా గొంతుని కప్పెయ్యవు. సినిమాల్లో ఎంత పెద్ద ఆర్కెస్ట్రా అయినా నడిపిన మనిషి, ఇక్కడ దాన్ని తగ్గించుకున్నారు. ఎందుకంటే వినేవాడికి అర్థం కావాలి. ప్రొడ్యూసర్‌గా ఆయన చేసిన అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇదే అని నాకనిపిస్తుంది.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో మాస్టారు వెళ్లిపోయారు. 51 ఏళ్లే. రికార్డు విడుదలై జనం దగ్గరికి వెళ్లేసరికి ఆయన లేరు. బహుశా ఇది కూడా కలిసి దానికి చావు రికార్డు అన్న ముద్ర పడిందేమో.

ఈ వారం ఒక చిన్న పని

దుఃఖంలో ఉన్న ఇంట్లో గీత పెట్టడం తప్పని నేను అనట్లేదు. అక్కడ కూడా అది బతికున్నవాళ్లకి ధైర్యం చెప్పేదే. కానీ అప్పటిదాకా ఆగొద్దు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కి రైల్లో రెండు గంటల పైనే పడుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి వినండి. శ్లోకం ఆగి తెలుగు మాట మొదలయ్యే చోట గొంతు ఎంత నెమ్మదిస్తుందో, రాగం ఎక్కడ మారిందో గమనించండి. ఏ శ్లోకం దగ్గర మీ సంగతే చెబుతున్నట్టు అనిపించిందో కామెంట్‌లో రాయండి. ఇంట్లో ఎవరైనా ఆపెయ్యమంటే, అర్జునుడు అది విని లేచి నిలబడ్డాడని చెప్పండి.

జై శ్రీకృష్ణ!