సినిమా మరిచిన గొంతు.. ఊరూరా మేలుకొలుపైంది
'సుందరదాసు' ఎమ్మెస్ రామారావు జీవన ప్రస్థానం

రుద్రూర్: మంగళవారమో శనివారమో తెల్లవారుజామున నిజాంసాగర్ కాలువ గట్టు వెంట పొలానికి బయలుదేరిన రైతుకు ఏదో ఒక ఊరి హనుమాన్ ఆలయం మైకు నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. అందులో ఆర్భాటం లేదు, గమకాల విన్యాసం లేదు. పక్కన కూర్చొని పెద్దాయన ఎవరో కథ చెబుతున్నట్లు సాగిపోతుంది. హనుమ దీక్షల కాలంలోనైతే రుద్రూర్, వర్ని, కోటగిరి పరిసర పల్లెల్లో ఆ గొంతు వినిపించని రోజు అరుదు. వినేవారిలో చాలామందికి సుందరకాండ తెలుసు, హనుమాన్ చాలీసా తెలుసు. పాడిన మనిషి గురించి మాత్రం తెలిసింది తక్కువ. ఆ గొంతు ఒకప్పుడు సినిమాలో వెలిగి, ఆపై అవకాశాలు కరవై, మద్రాసు వదిలి, ఒక విద్యాసంస్థలో ఉద్యోగానికి కుదురుకున్నదని చెబితే ఆశ్చర్యపోయేవారే ఎక్కువ.

ఆయనే ఎమ్మెస్ రామారావు. పూర్తి పేరు మోపర్తి సీతారామారావు. 1921లో గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని మోపర్రులో జన్మించారు. నిజాంసాగర్ ఆయకట్టు కింద భూములు కొని, క్యాంపులు వేసుకొని స్థిరపడిన కోస్తా కుటుంబాలు మన ప్రాంతంలో అనేకం. వాటిలో గుంటూరు సీమ నుంచి వచ్చినవీ ఉన్నాయి. ఆ సీమ గొంతు ఈ కాలువల వెంట వినిపించడంలో వింతేమీ లేదు. అయితే రామారావు పాట క్యాంపుల్లో ఆగిపోలేదు. తెలంగాణ పల్లెలు కూడా దానిని తమదిగానే స్వీకరించాయి.

తొలి నేపథ్య గాయకుడు

గుంటూరులో చదువుకునే రోజుల్లోనే రామారావుకు పాటగాడిగా పేరు వచ్చింది. 1941 ప్రాంతంలో కళాశాల విద్యార్థుల లలిత సంగీత పోటీలో ఆయన ప్రథమ బహుమతి పొందారు. రచయిత, చిత్రకారుడు అడివి బాపిరాజు ఆ గొంతును గుర్తించి ప్రోత్సహించారు. ఆ ప్రోత్సాహమే ఆయనను మద్రాసు దారి పట్టించింది.

అప్పటి సినిమాలో నటించేవారే పాడుకోవాలి. పాడలేని నటుడికి వేషం దొరకడం కష్టం, నటించలేని గాయకుడికి సినిమాలో చోటే లేదు. ఒకరు పాడితే తెరపై మరొకరు పెదవులు కదిపే పద్ధతి తెలుగులో అప్పుడప్పుడే అడుగుపెడుతున్నది. 1944లో వై.వి.రావు దర్శకత్వంలో వచ్చిన 'తహసీల్దార్' చిత్రానికి రామారావు ఒక ఎంకి పాట పాడారు. తెలుగు చలనచిత్ర రంగంలో తొలి నేపథ్య గాయకుడిగా ఆయనను పేర్కొనడం ఆ పాట కారణంగానే. ఘంటసాల వెంకటేశ్వరరావు 'స్వర్గసీమ'లో పాడింది ఆ మరుసటి ఏడాది, 1945లో. తర్వాత పాతికేళ్లకు పైగా తెలుగు సినిమా పాటను ఏలిన ఘంటసాల కంటే ఒక అడుగు ముందు ఈ దారిలో నడిచినవాడు రామారావు. ఆ ఒక్క అడుగును చరిత్ర పుస్తకాలు గుర్తుంచుకున్నాయి గానీ నిర్మాతలు గుర్తుంచుకోలేదు.

తర్వాతి కొన్నేళ్లు ఆయన పాటకు మంచి రోజులే. 1951లో వచ్చిన 'దీక్ష' చిత్రంతో ఆచార్య ఆత్రేయ సినీ గీత రచయితగా పరిచయమయ్యారు. లోకం పోకడను ఎత్తిచూపే ఆ తొలి పాటకు గొంతునిచ్చినది రామారావే. ఆయన స్వయంగా రచయిత కూడా. తానే రాసుకొని పాడిన లలిత గీతాలు గ్రామఫోను రికార్డులుగా ఇళ్లకు చేరాయి.

ముఖం చాటేసిన మద్రాసు

1950వ దశకం గడిచేకొద్దీ పరిస్థితి మారింది. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావులు అగ్ర కథానాయకులయ్యారు. 'పాతాళ భైరవి' (1951), 'దేవదాసు' (1953) చిత్రాల తర్వాత వారిద్దరికీ ఘంటసాల గొంతే అసలు గొంతన్నంతగా ప్రేక్షకుడు అలవాటు పడ్డాడు. హాస్యానికి పిఠాపురం నాగేశ్వరరావు, గంభీరమైన పద్యానికి, రౌద్రానికి మాధవపెద్ది సత్యం, సుతారమైన యుగళగీతానికి ఏఎం రాజా, ఆ తర్వాత పీబీ శ్రీనివాస్. ఇలా ఒక్కో రకానికి ఒక్కో గొంతు స్థిరపడింది. మంద్రంగా, మెత్తగా, పల్లె వాసనతో పాడే రామారావు గొంతుకు ఈ పంపకంలో ప్రత్యేకంగా ఒక గది మిగలలేదు. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఆయన గొంతు చెడిపోలేదు, పాడటం మరిచిపోలేదు. పిలిచేవారు తగ్గిపోయారు, అంతే.

కళాకారుడికి ఇది ఓటమి కంటే కఠినమైన స్థితి. పోటీలో ఓడినవాడు సాధన పెంచుకోవచ్చు. పిలుపు రానివాడు ఎవరి మీద పోటీకి దిగాలి? ఎందుకోసం శ్రుతి సరిచేసుకోవాలి? రష్యా సంగీతకారుడు రహ్మానినోవ్ 1897లో తన తొలి సింఫనీ ఘోరంగా విఫలమైన తర్వాత దాదాపు మూడేళ్లు చెప్పుకోదగ్గ రచన చేయలేకపోయాడు. నికొలాయ్ డాల్ అనే వైద్యుని చికిత్సతో కోలుకొని, తిరిగి రాసిన పియానో కాన్‌చెర్టోను ఆ వైద్యునికే అంకితమిచ్చాడు. మన చిత్తూరు జిల్లాలో పుట్టిన ఏఎం రాజా కూడా సంగీత దర్శకులతో పొసగక 1960వ దశకంలో సినిమాకు దూరమై, మళ్లీ 1970వ దశకంలో గానీ పాడలేదు. గుండె విరిగిన గాయకుల జాబితాలో పెద్ద పేర్లే ఉన్నాయి.

రామారావు విషయంలో వైద్యుడూ లేడు, కచేరీల ఆసరా కూడా అంతగా లేదు. 1963 ప్రాంతంలో ఆయన మద్రాసుకు స్వస్తి చెప్పి రాజమండ్రి చేరారు. అక్కడి నవభారతి గురుకులంలో ఉద్యోగిగా చేరి 1974 వరకు కొనసాగారు. రెండు దశాబ్దాల పాటు మైకు ముందు నిలిచిన మనిషి నెల జీతం మనిషి అయ్యారు. వయసు నలభై దాటింది. ఇంటి బాధ్యతలు ఎదురుగా ఉన్నాయి. ఆ వయసులో అలా చేయడాన్ని కొందరు ఓటమి అంటారేమో గానీ, ఇల్లు గడవడానికి తన కళను అడుక్కునే స్థితికి దిగజార్చకుండా వేరే పని చూసుకున్న మనిషిని చిన్నచూపు చూడటం సబబు కాదు. రంగంలో ఉండిపోయి అప్పుల పాలైన వారి కథలు మద్రాసులో అప్పటికే చాలా ఉన్నాయి. చిత్తూరు నాగయ్య అంతటివాడు చివరి రోజుల్లో పడిన ఇక్కట్లు తెలిసినవే.

కొడుకు జాడ తెలియని రోజులు

సినిమా ఇచ్చిన దెబ్బ ఒక ఎత్తు, దాని వెనుక వచ్చినది మరో ఎత్తు. ఆయన కుమారుడు భారత వైమానిక దళంలో పైలట్. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన కాలంలో అతని జాడ తెలియకుండా పోయింది. కబురు కోసం ఎదురు చూసే తండ్రికి ఆ రోజుల్లో పాట గుర్తుకు వస్తుందా? అందరూ అనుకునేది రాదనే. రామారావు విషయంలో జరిగింది వేరు. ఆ వేదనలో ఆయన హనుమంతుని ఆశ్రయించారు. తులసీదాసు అవధి భాషలో రాసిన హనుమాన్ చాలీసా ఆయనను పట్టుకున్నది. దానిని తెలుగు చేశారు. ఆపై వాల్మీకి సుందరకాండకు పూనుకున్నారు.

సుందరకాండనే ఎందుకు అన్న ప్రశ్నకు ఆ కథలోనే జవాబు దొరుకుతుంది. వాల్మీకి రామాయణంలో 68 సర్గల ఈ భాగాన్ని మనం హనుమ విజయగాథగా భావిస్తాం. నిజానికి అందులో హనుమ కుంగిపోయిన ఘట్టం చాలా దీర్ఘంగా ఉంటుంది. నూరు యోజనాల సముద్రం దాటి వచ్చిన మహావీరుడు లంకంతా గాలిస్తాడు. రావణుని అంతఃపురం, పానశాల, లతాగృహాలు ఏవీ వదలడు. సీత కనిపించదు. వెనక్కి వెళితే రాముడు బతకడు, లక్ష్మణుడు బతకడు, సుగ్రీవుడు, అంగదుడు ఎవరూ మిగలరు అని లెక్కలు వేసుకుంటాడు. కిష్కింధకు తిరిగి వెళ్లకూడదనుకుంటాడు. అడవిలో తపసిగా మిగిలిపోదామా, ప్రాణం వదిలేద్దామా అన్నదాకా ఆలోచన సాగుతుంది. చివరకు నిరుత్సాహం కూడదని తనకు తానే నచ్చజెప్పుకొని, ఇంకా వెతకని అశోకవనం ఒకటి మిగిలి ఉన్నదని గుర్తించి లేస్తాడు. సీత అక్కడే ఉన్నది. కొడుకు జాడ వెతుకుతున్న తండ్రి, పాట జాడ కోల్పోయిన గాయకుడు ఒక్కరే అయిన మనిషికి ఈ ఘట్టం కేవలం పురాణంగా వినిపించి ఉండదు.

పాట తిరిగి వచ్చిన తీరు

ఈసారి ఆయన పాడిన తీరులో సినిమా లేదు. పండితుల మెప్పు కోసం సంస్కృత సమాసాలు కూర్చలేదు. రెండేసి పాదాలుగా సాగే తేలిక తెలుగు గేయం, ఒకటే వరస, మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి. ఈ కథ పలికింది తాను కాదని, హనుమే తన ఎదలో ఉండి పలికించాడని ఆ పల్లవిలోనే చెప్పుకున్నారు. చదువు రానివారు నాలుగు సార్లు వింటే వెంట పాడగలరు. ఇళ్లల్లో ఆడవారు పని చేసుకుంటూ పాడుకోవడం, భజన మండళ్లు పారాయణంగా ఎత్తుకోవడం అందుకే సాధ్యమైంది. ఒకప్పటి లలిత గీతాల మెత్తదనం, ఎంకి పాట నేర్పిన పల్లె పలుకు, వయసు తెచ్చిన నెమ్మది ఆ గొంతులో కలిశాయి. సినిమా పంపకంలో చోటు దొరకని గుణాలన్నీ ఇక్కడ పనికొచ్చాయి.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 'భక్తిరంజని' కార్యక్రమం ద్వారా సుందరకాండ తెలుగు ఇళ్లలోకి వచ్చింది. ఉదయం రేడియో పెట్టే అలవాటున్న ఆ తరానికి అది నిత్యకృత్యమైంది. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. ఊరూరా ఆయనను పిలిచి పాడించుకున్నారు. ఒకప్పుడు పిలుపు కోసం చూసిన గాయకునికి తీరిక లేనన్ని పిలుపులు. 'సుందరదాసు' అన్న బిరుదు ఆ రోజుల్లోనే ఆయన పేరుకు ముందు చేరింది. సినిమాల్లో సాధించిన తొలి స్థానం కంటే ఈ దాసు పదంతోనే జనం ఆయనను గుర్తుంచుకున్నారు.

ఇక్కడొక విశేషం. రామారావు గురుకులం కొలువు ముగిసిన 1974లోనే, ఫిబ్రవరి 11న ఘంటసాల మరణించారు. కన్నుమూసే ముందు ఆయన పాడి వెళ్లిన భగవద్గీత నేడు తెలుగునాట చావు ఇంటి ముందు తప్పక వినిపించే గొంతు. రామారావు సుందరకాండ తెల్లవారుజామున వినిపించే గొంతు. మద్రాసులో ఒకరికి దక్కి మరొకరికి దక్కని వాటా పల్లెల్లో ఇలా పంచుకోబడింది.

రామారావు 1992 ఏప్రిల్ 20న డెబ్బై ఏళ్లు దాటిన వయసులో తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆలయాల్లో తిరుగుతున్నవి టేపులు. అవి సాగిపోయి, తెగిపోయి, సీడీలు వచ్చాయి, అవీ పోయి పెన్‌డ్రైవ్‌లు, సెల్‌ఫోన్లు వచ్చాయి. మైకు సెట్టు వెనుక యంత్రం మారినప్పుడల్లా ఆలయ కమిటీలు ముందుగా అందులోకి ఎక్కించుకునే వాటిలో ఆ సుందరకాండ ఒకటి.