బ్రౌను దొర – తాటాకు చదువు

తెలుగు వాఙ్మయమునకు సేవ చేసిన విదేశీయులలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పేరు వినని చదువరి యుండడు. ఆయన నిఘంటువును గూర్చియు, వేమన పద్యములను వెలికి దెచ్చుటను గూర్చియు పలువురు వ్రాసియున్నారు. కాని ఆ మహనీయుడు ముప్పదియేండ్లు పెనగులాడిన కష్టములలో మొదటిది చాల చిన్నదిగా తోచును: తాటాకుపై నున్న తెలుగు కంటికి పట్టువడకపోవుట. గ్రంథాలయమున బల్లముందు కూర్చుండి పుటలు చకచక త్రిప్పు నేటి పాఠకునకు ఆ కష్టమెట్టిదో తెలియదు. కావున బ్రౌను జీవితమును ఒకసారి ఆ వైపునుండి చూచుట యుచితము.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, పలుభాషలయం దభిమానము గలవాడు. 1812లో తండ్రి గతించిన పిమ్మట కుటుంబము ఇంగ్లండునకు తరలెను. చార్లెస్ అక్కడ కంపెనీ కొలువునకు వలసిన చదువు చదివి, 1817లో మదరాసు రేవున దిగెను. కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు నేర్పెను. 1820లో పరీక్ష ముగించుకొని కడప కలెక్టరు హన్బరీ క్రింద ఉద్యోగమున చేరెను. హన్బరీ తెలుగు ధారాళముగా మాటలాడువాడు. కచేరీలో అర్జీలు వినుటకును, రైతులతో మాటలాడుటకును బ్రౌనునకు త్వరలోనే భాష వశమైనది. అప్పటికి ఆయన కావ్యముల జోలికి పోలేదు.

1824 ప్రాంతమున, డుబాయి అను ఫ్రెంచి మతాచార్యుని పుస్తకములో వేమన ప్రస్తావన ఆయన కంటబడెను. పద్యములు చదువవలెనని తాళపత్రములు తెప్పించెను. అసలు కథ అక్కడ మొదలైనది.

తాటాకు గ్రంథము చూచినవారికి తెలియును. ఆకు మూరెడు పొడవున్నను వెడల్పు రెండు వ్రేళ్లకు మించదు. ఘంటముతో గీచిన అక్షరము మసి పూసినగాని కనబడదు. పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు. పద్యపాదము ముగిసినచోట పంక్తి ముగియదు. అంచువరకు సాగిపోయి, మాట నడుమ విరిగినను లెక్కచేయక క్రిందికి దిగును. ఊరి కరణముల గొలుసుకట్టు వ్రాత సైతము ఎడము లేనిదే. కాని ఆ లెక్కలలో రైతు పేరెక్కడ, పొలమెక్కడ, శిస్తెక్కడ వచ్చునో చదువువానికి ముందే తెలియును గనుక చూపు తడబడదు. కావ్యమున అట్టి వరుస లేదు. పైగా సంధులు. రెండు మాటలు కలిసి ఒకటై, మొదటిదాని తుద, రెండవదాని మొదలు రూపుమాసి యుండును.

ఇందు కన్ను పడు పాట్లను శాస్త్రజ్ఞులు తరువాతి కాలమున కనుగొనిరి. చదువునప్పుడు చూపు నీటివలె పంక్తివెంట ప్రవహించునని అందరు తలచెడివారు. 1879 ప్రాంతమున పారిస్ నగరమున ఎమిల్ జవాల్ అను నేత్రవైద్యుని ప్రయోగశాలలో అది నిజము కాదని తేలెను. కన్ను కప్పవలె దుముకును. ఒకచోట సుమారు పావు సెకను నిలిచి మరల దుముకును. అప్పటికి బ్రౌను లండనులో ఎనుబదియేండ్ల వృద్ధుడు.

కన్ను నిలిచినచోట స్పష్టముగా కనబడు మేర మిక్కిలి స్వల్పము. చేయి చాచి పట్టుకొన్న బొటనవ్రేలి గోరు వెడల్పు కన్న పెద్దగా హెచ్చదు. దాని కిరుప్రక్కల నున్నది చూపు అంచు. పాఠకులు స్వయముగా పరీక్షింపవచ్చును. ఈ పుటలో ఏదేనొక మాటపై చూపు నిలిపి, కన్ను కదపక, అదే పంక్తిలో నాలుగు మాటల కవతల నున్నదానిని చదువ యత్నింపుడు. అక్కడ మాట యొకటి యున్నదని తెలియును, పొడవో పొట్టియో తెలియును, ఏమాటయో తెలియదు. అయినను ఆ అంచు వ్యర్థము కాదు. తరువాతి దుముకు ఎచట వాలవలెనో నిర్ణయించునది అదియే. ఎడము చూచి మాట మొదలు, తుద పసిగట్టి, కన్నునకు ముందుగా దారి చూపును. ఎడములు తీసివేసి అచ్చువేసిన ఇంగ్లీషును చదువువారి వేగము మూడవ వంతో, అంతకన్న ఎక్కువయో తగ్గిపోవునని ప్రయోగములలో తేలినది.

ఇందు కన్నుతోబాటు మనస్సునకును పాలు కలదు. 1975లో అమెరికాలో మెకాంకీ, రేనర్ అను నిరువురు, చదువరి చూపు వాలినచోటి అక్షరములను మాత్రము ఉంచి, తక్కినవానిని కంప్యూటరు తెరపై మార్చుచు పరీక్షించిరి. ఇంగ్లీషు చదువరి ఎడమప్రక్క మూడు నాలుగు అక్షరములను, కుడిప్రక్క పదునాలుగు పదునైదింటి వరకును ఉపయోగించుకొనునని తేలెను. మరి 1981లో హీబ్రూ, ఇంగ్లీషు రెండును చదువగలవారిని పరీక్షింపగా, కుడినుండి ఎడమకు సాగు హీబ్రూ చదువునప్పుడు ఆ మేర ఎడమకు తిరిగినది. 2014లో ఉర్దూ విషయమునను అట్లే కనుగొనిరి. నిజాము కాలమున ఉర్దూలో చదువుకొని, ఇంట తెలుగు భాగవతము చదువుకొన్న మన ప్రాంతపు పెద్దలు పొద్దున నొకవైపునకు, సాయంకాలము వేరొకవైపునకు తమ మనస్సును త్రిప్పుకొనుచుండిరన్నమాట. కన్ను ఆ కన్నే. ధ్యాస పోయిన దిక్కున చూపు అంచు మేల్కొనును.

ఎరుక యున్నచోట అంచునకు బలము హెచ్చు. ఈ ప్రాంతపు ప్రయాణికుడు రైలుపెట్టెలో కూర్చుండి, డోర్నకల్ బోర్డు కిటికీ అంచున మెరసినంతనే అక్షరములు కూడబలుకుకొనకయే ఊరు గుర్తించును. ఎరుగని స్టేషను అదే వేగమున దాటిపోయిన పేరు చిక్కదు.

బ్రౌనునకు తాటాకులోని ప్రతి మాటయు ఎరుగని స్టేషనే. ఎడము లేదు గనుక అంచు దారి చూపదు. భాషలో పుట్టి పెరుగలేదు గనుక ఎరుక సాయపడదు. పండితుడు అదే ఆకును రాగము తీయుచు చదివిపోవుచుండ, ఆయన అక్షరమక్షరము తడవుకొనవలసి వచ్చెను.

అందులకాయన త్రొక్కిన దారి గమనింపదగినది. నిఘంటువునకు చాల ముందే, 1827లో, తెలుగు సంస్కృత ఛందస్సులపై పుస్తకము ప్రకటించెను. పరదేశి మొదట ఛందస్సుపై పుస్తకము వ్రాయుట వింతగా తోచవచ్చును. కాని తాటాకుపై ఛందస్సును మించిన మైలురాయి లేదు. రెండవ అక్షరము ప్రాస, ఇన్నవచోట యతి, గణము లిన్ని. ఈ లెక్క తెలిసినవానికి పాదమెచట విరుగునో ఆకుపై గుర్తు లేకున్నను తెలియును. పూర్వులు ఎడము లేకయే ధారాళముగా చదువగలిగిన రహస్యమున ఇది యొక పాలు, తక్కినది కంఠస్థము.

1829లో 693 వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. 1839 నాటి కూర్పున అవి 1164 అయినవి. ఈ నడుమ కడపలో బంగళా కొని, పండితులను జీతములిచ్చి కూర్చుండబెట్టెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మున్నగువారు అందలివారు. ఒక్క గ్రంథమునకు ఊరూరి ప్రతులు తెప్పించి, పోల్చి, పాఠభేదములు గుర్తించి, కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించిరి. లేఖకుల దోషములలో పెక్కు చూపునకు సంబంధించినవే. రెండు పంక్తులలో ఒకే మాట యున్నచో కన్ను మొదటిదాని నుండి రెండవదానికి దుమికి, నడిమి భాగము జారిపోవును. పలుప్రతులు ప్రక్కప్రక్కన పెట్టినగాని ఆ లోటు బయటపడదు. వెచ్చమంతయు దొర జీతమునుండి, చాలనప్పుడు అప్పులనుండి జరిగెను. పేరు ఆయనకు దక్కినది. తడిమి చదివిన కన్నులు పండితులవి. ఈ మాట చెప్పకుండుట న్యాయము కాదు.

1834లో ఉద్యోగమునకు దూరమై ఇంగ్లండు వెళ్లవలసి వచ్చినప్పుడును ఆయన ఊరకుండలేదు. లండనులో కంపెనీవారి గ్రంథాలయమున దక్షిణదేశపు వ్రాతప్రతులు చదువువారు లేక పడియుండగా చూచి, వానిని మదరాసునకు పంపించు ఏర్పాటు చేసెను. తిరిగివచ్చి 1840లో వ్యాకరణము ప్రకటించెను. అప్పయ్యచే వసుచరిత్ర, మనుచరిత్రలకు టీకలు వ్రాయించి అచ్చొత్తించెను. టీక యనగా ముందు పదము విడదీయుట. వ్యాఖ్యాత చేతి పదచ్ఛేదము చదువరి కన్నునకు కావలసిన ఎడమును సమకూర్చినది.

1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. విడదీయనిదే నిఘంటువు లేదు. కావ్యములో రాజు దలచె నని యున్నప్పుడు దకారము క్రింద వెదకిన ఫలము లేదు, తకారమునకు పోవలెను. గసడదవాదేశము తెలియని పాఠకునకు మాట మొదటి అక్షరమే మారువేషము వేసికొని యెదురగును. ఆ మారువేషములు తొలగించి వేలకొలది మాటలను అకారాది వరుసలో నిలుపుటకు ఎంత ఓపిక కావలెనో చిఠా అడంగలు వ్రాసినవారు కొంత యూహింపగలరు. ఆయన అర్థములందు పొరపాట్లు కలవు. శకటరేఫము, అరసున్నలపట్ల చూపిన ఉపేక్ష సంప్రదాయజ్ఞులకు రుచింపలేదు. వారి ఆక్షేపణ నిర్హేతుకము కాదు. అయినను ఆ నిఘంటువు నేటికిని అచ్చగుచున్నది.

1855లో బ్రౌను భారతదేశము విడిచెను. 1865 ప్రాంతమున లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడయ్యెను. 1884 డిసెంబరు 12వ తేదీన ఆ నగరముననే మరణించెను. వివాహము చేసికొనలేదు. ఆయన సేకరించిన తాళపత్రములును, వ్రాయించిన కాగితపు ప్రతులును చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున కలవు. కడపలో ఆయన బంగళా శిథిలములున్నచోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పూనికతో ఆయన పేర ఒక గ్రంథాలయము వెలసినది. పండితులు ఆకులు ముందు పెట్టుకొని కూర్చున్న ఆవరణముననే నేడు పాఠకులు అచ్చుపుస్తకములు చదువుకొనుచున్నారు.