రాబర్ట్ స్మిత్-బారీ

రాబర్ట్ రేమండ్ స్మిత్-బారీ (1886 - 1949) బ్రిటిషు విమానచోదకుడు, సైనికాధికారి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గాస్‌పోర్ట్ పద్ధతి అనే విమాన శిక్షణా విధానాన్ని రూపొందించి ప్రసిద్ధుడయ్యాడు. విద్యార్థిని ప్రమాదం పేరుతో భయపెట్టడం కాక, గురువు వెంట ఉండగానే ఆ ప్రమాదస్థితిలోకి తీసుకువెళ్ళి బయటపడే మార్గం నేర్పడం ఈ పద్ధతికి ప్రాణం.

తొలి జీవితం

స్మిత్-బారీ 1886 ఏప్రిల్ 4న జన్మించాడు. ఈటన్‌లో చదువుకున్నాడు. 1911లో విమానం నడపడం నేర్చుకుని, 1912లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరాడు. యుద్ధం మొదలైన పక్షం రోజులకే, 1914 ఆగస్టులో, ఫ్రాన్సులోని పెరోన్ వద్ద అతని విమానం కూలిపోయింది. వెంట ఉన్న మెకానిక్ మరణించాడు. స్మిత్-బారీకి రెండు కాళ్ళూ విరిగాయి. ఆ తరువాత జీవితాంతం కుంటుతూనే నడిచాడు.

1916లో సొమ్ యుద్ధం జరుగుతుండగా, నాయకుడు మరణించిన 60వ స్క్వాడ్రన్‌కు ఇతను అధిపతి అయ్యాడు. ఇంగ్లండు నుండి వస్తున్న కొత్త పైలట్లు కొద్ది గంటల అనుభవం మాత్రమే కలిగిన యువకులు. వారిని శత్రువు ముందుకు పంపడం చంపడమే అవుతుందని పై అధికారులకు లేఖలు వ్రాశాడు. 1916 డిసెంబరులో ఇతన్ని స్వదేశానికి పంపి, హాంప్‌షైర్‌లోని గాస్‌పోర్ట్‌లో ఉన్న శిక్షణా స్క్వాడ్రన్‌ను అప్పగించారు. ఫిర్యాదు చేసినవాడికే బాధ్యత అప్పగించడం సైన్యంలో అరుదైన విషయమే.

నాటి శిక్షణ

అప్పట్లో శిక్షకుడి పదవికి గౌరవం లేదు. యుద్ధరంగంలో అలసిపోయినవారిని ఎక్కువగా ఆ పనికి పంపేవారు. శిష్యుడి పొరపాటు వల్ల తమ ప్రాణం పోతుందన్న భయం వారిని వెంటాడేది. జర్మన్లను నిందించడానికి వాడే హన్ అనే పేరునే వారు తమ శిష్యులకూ పెట్టారంటే, ఆ గురుశిష్య సంబంధం ఎలాంటిదో ఊహించవచ్చు. వేగం తగ్గి విమానం పట్టు తప్పే స్టాల్, సుడి తిరుగుతూ పడిపోయే స్పిన్ వంటివాటి జోలికి పోవద్దని హెచ్చరించి వదిలివేసేవారు. ఆ స్థితి ఎదురైనపుడు విద్యార్థి ఒంటరిగా ఉండేవాడు, ఏమి చేయాలో తెలియదు. ఆ యుద్ధంలో మరణించిన బ్రిటిషు వైమానికులలో ఎందరో శత్రువును చూడకముందే శిక్షణలో పోయినవారు.

గాస్‌పోర్ట్ పద్ధతి

స్మిత్-బారీ మొదట కూర్చునే స్థానాలను మార్చాడు. విద్యార్థిని పైలట్ సీటులోనే కూర్చోబెట్టి, శిక్షకుడికి మరో సీటులో పూర్తి నియంత్రణ సాధనాలు ఏర్పాటు చేశాడు. సైకిలు నేర్పేవారు పిల్లవాడిని ముందు కూర్చోబెట్టి తాము వెనుక పట్టుకుని పరిగెత్తడం మనకు తెలిసినదే. ఇంజను హోరులో మాట వినబడడానికి రబ్బరు గొట్టం వాడారు. దానికి గాస్‌పోర్ట్ ట్యూబ్ అనే పేరు స్థిరపడింది. శిక్షణకు ఆవ్రో 504 విమానాన్ని ఎంచుకున్నాడు.

స్పిన్, పక్కగాలిలో దిగడం, ఇంజను ఆగినపుడు దిగడం అన్నీ పాఠాలయ్యాయి. గురువే కావాలని విమానాన్ని స్పిన్‌లో పడవేసి, తేర్చుకోవడం చూపి, తరువాత శిష్యుడి చేత చేయించేవాడు. శిక్షకుడి బెదురు శిష్యుడికి అంటుకుంటుందని స్మిత్-బారీ నమ్మకం. అందుచేత శిక్షకులకు ముందుగా శిక్షణ ఇచ్చి, వారికి స్వేచ్ఛ కల్పించాడు. దీనిని మెతకదనమని పొరబడరాదు. పాత పద్ధతి కంటే ఇక్కడ విద్యార్థి నేర్వవలసినది ఎక్కువ, కష్టతరం కూడా. తగ్గినది భయం మాత్రమే.

1917 ఆగస్టులో ఈ కేంద్రం స్కూల్ ఆఫ్ స్పెషల్ ఫ్లయింగ్ అయింది. ఇక్కడ తయారైన శిక్షకుల ద్వారా పద్ధతి ఇతర దేశాలకూ వ్యాపించింది. స్మిత్-బారీకి ఎయిర్ ఫోర్స్ క్రాస్ లభించింది. రెండవ ప్రపంచయుద్ధంలో తిరిగి వైమానిక దళంలో పనిచేసి, 1949లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మరణించాడు.

ప్రభావం

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు బేగంపేటలోని ప్రాథమిక శిక్షణా పాఠశాలలో వాడిన టైగర్ మాత్ విమానాలు కూడా జంట నియంత్రణలున్నవే. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీలో నేటికీ విద్యార్థి ముందు, శిక్షకుడు వెనుక కూర్చుంటారు. ఆ గురువు కూడా శిష్యుడితో సమానంగా ప్రాణాలొడ్డుతున్నాడు. 2023 డిసెంబరు 4న సిద్దిపేట జిల్లా రాయపోల్‌కు చేరువలో, మెదక్ జిల్లా తూప్రాన్ మండలం రావెల్లి వద్ద ఆ అకాడమీ విమానం కూలి, శిక్షకుడు, కేడెట్ ఇద్దరూ మరణించారు.

పౌర విమానయానంలో ఇదే ప్రశ్న పరీక్షల రూపంలో వచ్చింది. ఎయిర్‌లైన్ పైలట్లకు సిమ్యులేటర్‌లో క్రమం తప్పకుండా పరీక్ష ఉంటుంది. తప్పితే ఉద్యోగానికే ముప్పు అనుకున్నపుడు, పైలట్ తన బలహీనతను దాచుకుని, తెలిసిన విన్యాసాలనే వల్లెవేస్తాడు. అమెరికాలో 1976లో మొదలైన భద్రతా నివేదన వ్యవస్థ, ఉద్దేశపూర్వకం కాని పొరపాటును స్వయంగా తెలిపినవారికి శిక్ష నుండి కొంత రక్షణ ఇచ్చింది. 2013లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రచురించిన శిక్షణా మార్గదర్శిని ప్రకారం, ముందుగా పైలట్ లోపం ఎక్కడుందో గమనించి, ఆపై ఆ లోపానికే శిక్షణ ఇస్తారు. ఉద్దేశపూర్వకమైన ఉల్లంఘనకు మాత్రం ఆ నివేదన వ్యవస్థలో మినహాయింపు లేదు.