శాంతికి కావలి కాసిన సేనాని – జనరల్ తిమ్మయ్య

యుద్ధాలు గెలిచి కీర్తి గడించిన వీరుల చరిత్రలు మన పాఠ్యగ్రంథాలలో కావలసినన్ని ఉన్నాయి. కలహించే ఇరువురి నడుమ నిలబడి, ఇరువైపుల నుండి నిందలు మోసిన సేనానుల చరిత్రలు మాత్రం అరుదు. అట్టి అరుదైనవారిలో జనరల్ కోదండేర సుబ్బయ్య తిమ్మయ్య అగ్రగణ్యులు. శాంతిరక్షణ అనే కార్యం ఎంతవరకు సాగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియగోరే విద్యార్థికి ఆయన జీవితం ఒక మంచి పాఠమని మా విశ్వాసం.

తిమ్మయ్యగారు 1906 మార్చి 31న కొడగు సీమలోని మడికేరిలో జన్మించారు. డెహ్రాడూన్‌లోను, ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్‌లోను సైనిక శిక్షణ పొంది 1926లో అధికారిగా నియమితులైనారు. తరువాత ఆయన చేరినది 19వ హైదరాబాదు రెజిమెంటు. నిజాం రాజ్యపు కంటింజెంటు సేన నుండి రూపొందిన ఈ పటాలానికి 1945లో కుమావూన్ రెజిమెంటు అని పేరు మార్చారు.

హైదరాబాదు సేనల ప్రసక్తి రాగానే ఆదోనివాసులమైన మాకు వేరొక సంగతి స్ఫురిస్తుంది. తన రక్షణకై ఉంచుకొన్న కుంపిణీ సైన్యపు ఖర్చు క్రింద నిజాం 1800లో ఆదోనితో సహా దత్తమండలాలను ఆంగ్లేయులకు ధారపోశాడు. కావలికి పిలిచిన పరాయి సేనకు మూల్యంగా సీమకు సీమే చేతులు మారింది. బయటినుండి వచ్చిన సైన్యం శాంతిని తెచ్చి ఇవ్వగలదా అన్న ప్రశ్న కనుక మన గడ్డకు కొత్తది కాదు. తిమ్మయ్యగారు మాత్రం ఆ ప్రశ్నను మూడుమార్లు ఎదుర్కొన్నారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయన బర్మా రంగాన పోరాడి, యుద్ధభూమిలో బ్రిగేడును నడిపిన తొలి భారతీయుడిగా పేరు పొందారు. ఆ కీర్తి చల్లారక మునుపే 1947 వచ్చింది. దేశవిభజన వేళ పంజాబులో మారణకాండను ఆపడానికి ఆగస్టు 1న పంజాబు సరిహద్దు దళం ఏర్పడింది. దాని సేనాధిపతి జనరల్ రీస్‌కు సలహాదారులుగా ఉన్నవారిలో తిమ్మయ్యగారొకరు. ప్రాంతం విశాలం, సైనికులు స్వల్పం. అంతకన్న మించిన కష్టం, ఆ సైనికులు కూడ అవే మతాలవారు. ఎందరి కుటుంబాలో అదే మంటల్లో చిక్కుకొని ఉన్నాయి. దళం నెల రోజులకే రద్దయింది. ప్రభుత్వాలు, ప్రజలు నిలువరించలేని ద్వేషాన్ని పటాలం ఒంటరిగా నిలువరించలేదన్న మొదటి పాఠం ఆయనకు స్వదేశంలోనే లభించింది.

రెండవ పరీక్ష కొరియాలో ఎదురైంది. 1953 జూలై 27న అక్కడ యుద్ధవిరమణ కుదిరింది. కాని స్వదేశానికి తిరిగి పోమని నిరాకరించిన యుద్ధఖైదీల సమస్య మిగిలింది. వారి అభీష్టాన్ని కనుగొనడానికి భారత్, స్వీడన్, స్విట్జర్లండ్, పోలండ్, చెకొస్లొవేకియా దేశాలతో తటస్థ రాజ్యాల సంఘం ఏర్పడింది. అధ్యక్షులు తిమ్మయ్యగారు. ఖైదీల కాపలాకు జనరల్ థోరట్ నాయకత్వాన భారతదళం వెళ్లింది. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ భారత సైనికులు తన నేలపై కాలు మోపరాదన్నాడు. అందుచేత వారిని ఓడరేవు నుండి హెలికాప్టర్లలో నిస్సైనిక మండలానికి చేర్చవలసి వచ్చింది. శాంతికై వెళ్లినవారికి లభించిన స్వాగతమిది!

ఉభయపక్షాల నుండి దాదాపు 23 వేలమంది ఖైదీలు మనవారి అధీనంలోకి వచ్చారు. వారి వారి దేశాల ప్రతినిధులు నచ్చజెప్పడానికి 90 రోజుల గడువు. కాని శిబిరాలలో పెత్తనం ఖైదీల ముఠాలదే. ఇంటికి పోదామన్నవాడికి తోటివారి చేతిలోనే ప్రాణభయం. పలుమార్లు ఖైదీలు శిబిరం వదలి బయటకు రామని భీష్మించారు. వారిని బలవంతంగా ఈడ్చుకురావాలంటే కాల్పులు, చావులు తప్పవు. తిమ్మయ్యగారు ఆ మార్గం త్రొక్కలేదు. తొంభై రోజులలో నచ్చజెప్పడం సాగినది పది రోజులు మాత్రమే. మిగిలిన ఖైదీల భవితవ్యాన్ని తేల్చవలసిన రాజకీయ సమావేశం జరుగనే లేదు. 1954 జనవరిలో ఆయన ఖైదీలను మునుపటి కాపలాదారులకే తిరిగి అప్పగించారు. భారతదళం కమ్యూనిస్టుల పక్షమని దక్షిణ కొరియా ఆడిపోసుకొన్నది. ఖైదీలను విడిచిపెట్టారని కమ్యూనిస్టు పక్షం నిరసించింది. ఇరువురికీ చేదైనవాడు బహుశా న్యాయానికి దగ్గరగా ఉన్నాడని మేము భావిస్తాము. ఏ పక్షానికీ పోమన్న ఎనభైమందికి పైగా ఖైదీలు భారతదళంతోపాటు మన దేశానికి వచ్చారు. ఆ ఏడే ఆయనకు పద్మభూషణ్ లభించింది.

1957లో తిమ్మయ్యగారు భారత సైన్యాధిపతి అయినారు. రక్షణమంత్రి కృష్ణమీనన్‌తో విభేదించి 1959లో రాజీనామా ఇచ్చి, ప్రధాని నెహ్రూ కోరికపై ఉపసంహరించుకొన్నారు. 1961లో పదవీ విరమణ చేశారు.

విశ్రాంతి జీవితం ఎంతోకాలం సాగలేదు. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపంలో గ్రీకు, తుర్కీ జాతులవారి నడుమ 1963 డిసెంబరులో రక్తపాతం చెలరేగింది. 1964 మార్చి 4న భద్రతా మండలి అక్కడికి శాంతిదళాన్ని పంప నిర్ణయించింది. తొలి సేనాధిపతి భారతీయుడైన జనరల్ గ్యానీ. ఆయన తరువాత అదే ఏట తిమ్మయ్యగారు ఆ బాధ్యతను స్వీకరించారు. దళానికి మొదట ఇచ్చిన గడువు మూడు నెలలు. ఖర్చుకు ఆధారం సైనికులను పంపిన ప్రభుత్వాలు, స్వచ్ఛందంగా విరాళమిచ్చే దేశాలు. ఆత్మరక్షణకు తప్ప తుపాకి పేల్చరాదు. ఇరుపక్షాల ఆయుధాలను లాగుకొనే అధికారం లేదు. ఆ ఆగస్టులో వాయవ్య తీరాన కొక్కినా వద్ద పోరు రేగి, తుర్కీ విమానాలు బాంబులు కురిపించినపుడు శాంతిదళం ఆపలేకపోయింది.

అయినను ఆ దళం వ్యర్థం కాలేదు. పంటలు కోసుకొనే రైతులకు కాపు కాసింది. మూసుకుపోయిన రోడ్లపై ప్రయాణికులకు తోడు వెళ్లింది. చిన్న తగాదాలు పెద్దవి కాకుండా చూసింది. తిమ్మయ్యగారు ఉభయజాతుల నాయకులతోను ఓర్పుతో మాట్లాడుతూ వచ్చారు. 1965 డిసెంబరు 18న ఆ విధిలో ఉండగానే గుండెపోటుతో అక్కడే కన్నుమూశారు. మరుసటి ఏట సైప్రస్ ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్లను విడుదల చేసింది.

ఆయన గతించిన తొమ్మిదేండ్లకు, 1974లో, సైప్రస్‌లో ముందు తిరుగుబాటు, వెంటనే తుర్కీ దండయాత్ర జరిగి ద్వీపం రెండుగా చీలింది. మూడు నెలలకని వెళ్లిన దళం అరవై ఏండ్లు దాటినా అక్కడే ఉన్నది. 1994లో రువాండాలోను, 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిట్సాలోను ఐక్యరాజ్యసమితి సైనికులు ఉండగానే ఘోరమైన ఊచకోతలు జరిగాయి. కనుక కావలి ఒక్కటే చాలునని ఎవ్వరూ అనలేరు. అయితే ఈ అపజయాలు కావలి కాసినవారివి మాత్రమేనా? తగినంత బలం, అధికారం ఇవ్వక పంపినవారివి, కావలి ఉన్నది కదా అని రాజీ యత్నాలను వాయిదా వేసినవారివి కావా?

ఎమ్మిగనూరు చేనేత కుటుంబాల నుండి వచ్చిన మా విద్యార్థులకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. పడుగుపోగు తెగితే నేతగాడు మగ్గం ఆపుతాడు. ఆపినంత మాత్రాన తెగిన పోగు అతుకదు; ఆపకుంటే అతికే వీలే లేదు. శాంతిదళం చేయగలది మగ్గం ఆపడం. పోగు అతుకవలసినవారు ఆ నేలపై బ్రతికే మనుషులు. తిమ్మయ్యగారు పంజాబులో, కొరియాలో, సైప్రస్‌లో తన వంతు పని చేసి వెళ్లారు. తక్కిన పని ఎల్లప్పుడూ ఊరివారిదే. ఆదోనిలోనైనా, ఎమ్మిగనూరులోనైనా, ఇరుగుపొరుగుల నడుమ మాట తెగిన నాడు పోలీసు పహరా కోసం ఎదురుచూడక ముందుగా పోగు పట్టుకొనే చేతులు మన విద్యార్థులవి కావాలని కోరుకొంటున్నాము.