ఉద్యోగం పోయింది.. పాట మిగిలింది!

రేపు ఇంటర్వ్యూ అనగా ఈరోజు మీ టీమ్ మొత్తం మిమ్మల్ని వదిలేస్తే? జిమ్మీ రోడ్జర్స్‌కి అదే జరిగింది.

1897లో అమెరికాలోని మిసిసిపీలో పుట్టాడు. నాన్న రైల్వే ఫోర్‌మన్. చిన్నోడు పట్టాల దగ్గర కూలీలకు నీళ్లు మోస్తూ, నల్లజాతి కార్మికుల దగ్గర పాటలు నేర్చుకున్నాడు. పెద్దయ్యాక రైళ్లలో బ్రేక్‌మన్ అయ్యాడు. 1924లో క్షయ సోకింది. ఆ ఒంటితో రైల్వే పని సాగలేదు.

1927 ఆగస్టులో బ్రిస్టల్‌లో రికార్డింగ్‌కి ఛాన్స్ వచ్చింది. ముందురోజే బ్యాండ్ విడిపోయింది. అయినా ఆగలేదు. గిటార్‌తో ఒక్కడే వెళ్లి రెండు పాటలు పాడాడు. మరుసటి ఏడాది 'వెయిటింగ్ ఫర్ ఎ ట్రైన్' రికార్డు చేశాడు. 1933లో న్యూయార్క్ స్టూడియోలో పాటకీ పాటకీ మధ్య మంచం మీద వాలుతూ పాడాడు. రెండు రోజులకే పోయాడు. వయసు 35.

1940లో జిమ్మీ పాట ఒకటి బిల్ మన్రో రికార్డు చేశాడు. బ్లూగ్రాస్ సంగీతానికి పితామహుడాయన. ఆ సంగీతంలో ఫిడేలు ఇప్పటికీ రైలు కూత పెడుతుంది, బ్యాంజో చక్రాల్లా పరిగెడుతుంది. పనికోసం ఇల్లు వదిలి రైలెక్కిన బెంగ ఎప్పటికీ పాతబడదు మరి. హాస్టల్ బ్యాగు సర్దుకున్న మీకు తెలియనిదా?

ఉద్యోగం చేజారొచ్చు. అక్కడ చూసింది, నేర్చుకుంది మాత్రం మీదే.