పట్టాభిగారి నిగ్రహము

గెలిచినవేళ అందరును పెద్దమనుషులే. ఓడిననాడు నెరసిన తలలు కూడ బాలురవలె అలుగుట మనము చూచుచునే యున్నాము. కావున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి జీవితము మన గృహములలో చెప్పుకొనదగినది.

ఆయన 1880 నవంబరు 24న గుండుగొలనులో జన్మించిరి. మద్రాసులో వైద్యవిద్య ముగించి బందరున ప్రాక్టీసు పెట్టిరి. (2022 వరకు మన ఎ.కొండూరునకు జిల్లా ముఖ్యపట్టణము ఆ బందరే.) చక్కని రాబడి గల వృత్తిని దేశసేవకై విడిచి, సేవనే కాయకముగా చేసికొనిరి. ఆంధ్రా బ్యాంకును 1923లో స్థాపించినది ఆయనయే. అది 2020లో యూనియన్ బ్యాంకున విలీనమైనది.

1939 జనవరిలో కాంగ్రెసు అధ్యక్షపదవికి పోటీ వచ్చెను. మౌలానా ఆజాదు తప్పుకొనగా పట్టాభిగారు సుభాసు చంద్రబోసుతో తలపడి, రెండు వందలకు పైచిలుకు ఓట్లతో ఓడిరి. గాంధీజీ ఆ ఓటమి తనదేనని ప్రకటించిరి. పాపము, ఓడినవానికి ఓటమియైనను సొంతము కాకపోయెను! నేటికిని పలువురు ఆయన పేరు తలచునది ఆ ఒక్క సందర్భముననే. పిదప కార్యవర్గసభ్యులతో పాటు ఆయనయు రాజీనామా చేసిరి; అది బోసుగారికి న్యాయమా కాదా యను వాదము తీరలేదు. కాని పట్టాభిగారు అలిగి ఇంట కూర్చుండలేదు. 1942లో అరెస్టయి, అహమ్మదునగరు కోటలో నెహ్రూ, పటేలులతో సుమారు మూడేండ్లు బందీగా నుండి, అచట దినచర్య వ్రాసికొనిరి. 1948లో పురుషోత్తమదాసు టాండనుపై స్వల్ప ఆధిక్యముతో గెలిచి, చేజారిన అధ్యక్షపీఠమునే అధిష్ఠించిరి.

అసలు పరీక్ష అప్పుడే వచ్చెను. ఆంధ్రరాష్ట్రము ఆయన జీవితకాలపు కోరిక. కాంగ్రెసులో ఆంధ్రమునకు ప్రత్యేకశాఖ కావలెనని మొదటినుండి పట్టుబట్టినవారిలో ఆయన యొకరు. అట్టి మనిషి జవహరు, వల్లభభాయిలతో కూడిన సంఘమున సభ్యుడై, భాషారాష్ట్రములను వాయిదా వేయవలెనను 1949 ఏప్రిలు నివేదికపై సంతకము చేయవలసి వచ్చెను. ఆంధ్రుల కోరికను పరిశీలింపవచ్చును గాని, మద్రాసు నగరముపై హక్కు వదలుకొనవలెనని అందుండెను. తెలుగువారికి అది మింగుడుపడలేదు. నిందలు ఆయనపై పడెను. దేశము విభజన గాయముతో నున్న ఆ వేళ, తన కోరికకంటె దేశపు కుదురును ముందుంచుట పిరికితనమని నేననుకొనను. అయితే దానికి ఆయన చెల్లించిన వెల తక్కువది కాదు.

పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ పిమ్మట, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము మద్రాసు లేకయే యేర్పడెను. అప్పటికి పట్టాభిగారు మధ్యప్రదేశ్ గవర్నరు. 1957లో ఆ పదవి ముగిసెను. 1959 డిసెంబరు 17న కన్నుమూసిరి.